వంశవృక్షంలో ఖాళీ గళ్ళు

రిటైరైన ఈ సూపరింటెండెంటుగారు రోజూ పదింటికల్లా చంకలో చార్టు చుట్ట పెట్టుకుని రికార్డు గదికి వస్తారు. మామూలు మనుషులు కూర్చున్న కుర్చీ కదా, రుమాలు పరిచి మరీ కూర్చుంటారు. ఆ చార్టు ఆయన వంశవృక్షం. అడుగున తన పేరు ఎర్ర సిరాతో రాసుకున్నారు. పైన ఖాళీ గళ్ళు ఏ దివానుకో, సేనాపతికో అట్టిపెట్టారు. "ఏమోయ్, ఆ పైది దించు" అంటూ అటెండరుని నిచ్చెన ఎక్కిస్తారు. దుమ్ము రాలితే విసుక్కుంటారు. మూడేళ్ళయినా అతని పేరు అడగలేదు. చచ్చిపోయినవాళ్ళ పేర్లు వెతకడానికే ఆయనకు తీరిక చాలడం లేదు.

మొన్న అటెండరు టీకి వెళ్తే ఆగలేక తనే నిచ్చెనెక్కి, పై అరలో గోడవైపు తోసి ఉన్న రిజిస్టరొకటి దించుకున్నారు. వేలు తడిచేసుకుని పేజీలు తిప్పారు. ముత్తాత దొరికాడు. గుర్రాలకు లాడాలు కొట్టేవాడట. ముత్తాత తమ్ముడిదీ అదే పని, ఆ తమ్ముడి కొడుకుదీ అదే పని. తమ్ముడి మనవడు మాత్రం ఒకప్పుడు ఈ ఆఫీసులోనే అటెండరు.

అప్పుడే టీ తాగి వచ్చిన అటెండరుకి ఆ పేరు చూపించి, "ఎవరోయ్ ఇతను?" అన్నారు.

"మా నాన్నండి. వరసకి మీరు నాకు అన్నయ్య అవుతారు."

సూపరింటెండెంటుగారు గది నలువైపులా చూసి చార్టు చుట్టేశారు. "ఈ సంగతి ఎవరితోనూ అనకు. పరువు పోతుంది."

"మొదటిరోజు మీ ముత్తాత పేరు రాసిచ్చినప్పుడే నాకూ ఆ భయం పట్టుకుందండి," అన్నాడు అటెండరు. "అందుకే ఈ రిజిస్టరు ఇన్నాళ్ళూ మీకు దించలేదు."