ఆగమన్నది నేనే

నాకు తెలుగు వచ్చని ఆ భార్యాభర్తలకు నాలుగో వారం దాకా తెలియదు.

సూరత్‌లో మా ఆసుపత్రిలో పేషెంట్లతో హిందీ, తోటివాళ్లతో గుజరాతీ మాట్లాడతాం. రేడియేషన్ విభాగంలో నేను సీనియర్ థెరపిస్టుని. డాక్టర్ గీసిచ్చిన చోట, మిల్లీమీటరు అటూ ఇటూ కాకుండా, మనిషిని మెషిన్ కింద పడుకోబెట్టి రేడియేషన్ ఇవ్వడం నా పని. ఆ గదిలో మాటలు తక్కువ. పడుకోండి, కదలకండి, అయిపోయింది, రేపు రండి. ఈ నాలుగు ముక్కలకు ఏ భాషయితేనేం అనుకునేదాన్ని. అసలు సంగతి అది కాదు. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లు ఇక్కడ సాంచెలు నడిపాడు. ఆ మగ్గాల చప్పుడులోనే పెరిగి, చదువుకుని, తెల్లకోటు తొడుక్కున్నాక, ఏ గల్లీ నుంచి వచ్చానో నేను ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగినా మాట మార్చేదాన్ని.

అతనికి యాభై లోపే. సూరత్‌లోనే బమ్రోలిలో ఒక్క గదిలో కాపురం, పక్కనే సాంచెల కార్ఖానాలో పని. నాలుక మొదట్లో క్యాన్సర్. ముప్పై ఐదు సిట్టింగులు రాశారు. వారానికి ఐదు, మొత్తం ఏడు వారాలు. వేడినీళ్లలో మెత్తబడిన ప్లాస్టిక్ జాలీని అతని ముఖం మీద పరిచి నొక్కితే, చల్లారాక అదే ఆకారంలో గట్టిపడింది. రోజూ ఆ ముసుగు వేసి టేబుల్‌కు బిగిస్తే తల వెంట్రుకవాసి కూడా కదలదు. తర్వాత మేం బయటికి వచ్చి, మందపాటి తలుపు మూసి, టీవీ తెరలో అతన్ని చూస్తూ మెషిన్ నడుపుతాం. లోపల ఇబ్బందైతే చెయ్యెత్తమని ముందే చెబుతాం.

సిట్టింగులు మొదలయ్యేసరికే లాక్‌డౌన్ పెట్టి రెండు వారాలైంది. కార్ఖానాలు ఆగిపోయాయి. ఆసుపత్రి కాగితం చూపించి, పోలీసుల్ని దాటుకుంటూ, ఆ ఇద్దరూ రోజూ నడిచొచ్చేవాళ్లు. నాలుగో వారానికి అతని గొంతు లోపలంతా పుండు పడింది. ముక్కులోంచి గొట్టం వేశారు. జావ, పాలు, పప్పునీళ్లు ఆ గొట్టంలో పోసే పని భార్యది. అప్పుడే కూలీల కోసం రైళ్లు వేస్తున్నారన్న మాట వచ్చింది.

పంతొమ్మిదో సిట్టింగ్ అయ్యాక నేను ఫైలు పట్టుకుని బయటికి వస్తున్నాను. తలుపు పక్క బెంచీ మీద ఆమె భర్తతో చెబుతోంది.

"ఎల్లుండి బండిల మన పేర్లొచ్చినయి. గీ మేడంకు చెప్పకు. చెప్తే ఆపుతరు."

"సగమే అయింది కదనే," అన్నాడు అతను. గొంతు గాలిలా వచ్చింది.

"ఊరికి పోయినంక హైదరాబాద్‌ల పెట్టిచ్చుకుందాం తియ్యి. బిడ్డకు నెలలు నిండినయి. తొలి కాన్పుకు తల్లి లేకపోతే ఎట్ల?"

నేను అక్కడే ఆగాను. ఊరు చేరాక పద్నాలుగు రోజులు క్వారంటీన్ అని ఊరి బడిలోనో గుడిసెలోనో విడిగా ఉంచుతారు. తర్వాత హైదరాబాద్‌కు బండి దొరకాలి, అక్కడ కొత్త ముసుగు, కొత్త స్కాన్, కొత్త లెక్కలు కావాలి. నెల గడిచిపోతుంది. మధ్యలో ఆపితే ఆ కణాలు మళ్లీ పుంజుకుంటాయి. అలా ఆపేసి వెళ్లి ఏడాదికి తిరిగొచ్చినవాళ్లను నేను చూశాను. వాళ్లకు చేయడానికి మా దగ్గర ఏమీ మిగలదు.

"ఆ బండి ఎక్కకుండ్రి అన్నా," అన్నాను.

ఇద్దరూ తలెత్తి చూశారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీరు మనోళ్లా? గిన్ని దినాలు ఒక్క మాటన్న చెప్పకపోతిరి!"

బెంచీ చివర కూర్చుని, నాకు తెలిసిందంతా తెలుగులో చెప్పాను. చికిత్స మాటలు తెలుగులో చెప్పడం నాకదే మొదటిసారి. తడబడ్డాను. పుండ్లు మానుతాయని, ఇంకా పదహారే ఉన్నాయని, ఆపితే ఇంతవరకు పడ్డ బాధంతా వృథా అని చెప్పాను. ఆమె అన్నీ విని ఒకటే అడిగింది.

"మరి గిది అయినంక మమ్ముల ఎవలు పంపిస్తరు చెల్లె? అప్పటిదాక బండ్లుంటయా?"

"నేను పంపిస్త అక్కా. అయిపోయిన మర్నాడే పంపిస్త."

ఏ ధైర్యంతో అన్నానో ఇప్పటికీ తెలియదు. రైళ్లు వేసేది నేనా?

వాళ్లు ఆగిపోయారు. ఆ రైలు వాళ్లు లేకుండానే వెళ్లింది. వాళ్ల గల్లీలో తెలుగు ఇళ్లన్నీ ఒక్కొక్కటే తాళాలు వేసుకున్నాయి. ఇంటికి వెళ్లి మా నాన్నతో చెబితే, ఆయన, "మంచిదే చేసినవు బిడ్డా. గని ఆపినోళ్ల మీదనే భారముంటది," అన్నాడు. దూది ధూళి తిన్న ఊపిరితిత్తులు ఆయనవి. మెట్లెక్కితేనే ఆయాసం. రోజూ ఆసుపత్రి నుంచి వచ్చి, వాకిట్లోనే బట్టలు బకెట్లో వేసి, స్నానం చేశాక గానీ ఆయన ముందుకు వెళ్లేదాన్ని కాదు.

ఇరవై మూడో సిట్టింగ్‌లో, తెరమీద అతని చెయ్యి లేచింది. మెషిన్ ఆపాను. ఆ మందపాటి తలుపు నిదానంగా తెరుచుకుంటుంది. ఆ కొద్ది క్షణాల్లో నాకు పొద్దంతా గడిచినట్టు అనిపించింది. లోపలికి పరిగెత్తి క్లిప్పులు ఊడదీసి ముసుగు తీశాను. అతను పక్కకు తిరగబోయి నా ముఖం మీదే దగ్గాడు. ఊపిరాడక కళ్లు తేలేశాడు. సక్షన్ పెట్టి గొంతులోని కఫం లాగాక గానీ ముఖంలోకి రంగు రాలేదు. నాకు పలచటి గుడ్డ మాస్కు తప్ప ఏమీ లేదు. ముఖానికి పెట్టుకోవాల్సిన షీల్డు బయట బల్ల మీద ఉంది.

మర్నాడు పొద్దున అతనికి నూటమూడు జ్వరం. కరోనా అనుమానమున్నవాళ్ల వార్డులో వేశారు. భార్యను లోపలికి రానివ్వలేదు. రిపోర్టు వచ్చేదాకా రేడియేషన్ బంద్. నాకూ టెస్టు చేసి ఇంటికి పంపించారు. నేను ముందుగదిలో, నాన్న వెనకగదిలో ఉండిపోయాం. మధ్యలో మూసిన తలుపు. ఆయన దగ్గు వినిపించినప్పుడల్లా లేచి కూర్చునేదాన్ని. పాత దగ్గా, కొత్త దగ్గా అని చెవి ఒగ్గి వినేదాన్ని. కొద్దిసేపటికి నా ఆలోచన వార్డులో ఉన్న అతని మీదికి వెళ్లేది. ఆ రైలెక్కి ఉంటే ఈపాటికి ఊళ్లో ఉండేవాడు. ఆపి మరీ ఈ రోగం అంటించానా అని ఒకటే గుబులు.

మూడో రోజు ఆమె ఫోన్ చేసింది.

"బిడ్డ కాన్పయింది మేడం. ఆడపిల్ల. అత్తగారింట్లనే అయిందట." నేను ఏదో అనబోయాను. ఆమె ఆగలేదు. "మీ మాట విని ఆగినం. ఆయన లోపట, బిడ్డ ఆడ. నేను గేటు బయట కూసున్న. అటు కాలేదు, ఇటు కాలేదు."

చెల్లె అన్న పిలుపు మళ్లీ మేడం అయింది. ఫోన్ పెట్టేశాక ఏడుద్దామన్నా గట్టిగా ఏడవలేకపోయాను, నాన్నకు వినిపిస్తుందని.

నాలుగో రోజు రిపోర్టులు వచ్చాయి. ఇద్దరికీ కరోనా లేదు. ఉమ్మి దారితప్పి ఊపిరితిత్తుల్లోకి దిగడం వల్ల వచ్చిన జ్వరమది. మందులకు తగ్గింది. మర్నాడే నేను డ్యూటీకి వెళ్లాను, అతన్ని టేబుల్ మీద పడుకోబెట్టి ముసుగు బిగించాను. బిగుసుకోలేదు. దవడకూ జాలీకీ మధ్య నా వేలు దూరింది. అంత చిక్కిపోయాడు.

అప్పటికే నాలుగు సిట్టింగులు పోయాయి. డాక్టర్ తలుపు దగ్గర నిలబడి, "ఇంకో రోజు పోగొడతామా? సర్దెయ్యలేవా?" అని గుజరాతీలో అడిగాడు. ఆయన తప్పు కాదు. సిబ్బంది సగం మంది క్వారంటీన్‌లో ఉన్నారు. ఆయనా నిద్రలేక ఉన్నాడు.

"తల ఇటు జరిగితే రేడియేషన్ వెన్నుపాము మీద పడుతుంది సార్. నేను ఇవ్వను," అన్నాను.

ఆయన ముసుగులో తనూ వేలు పెట్టి చూసి తలూపాడు. కొత్త ముసుగు, కొత్త స్కాన్. ఇంకో రోజు పోయింది. ఆ పోయినవి పూడ్చడానికి శనివారాలు కూడా మెషిన్ నడిపాం. రెండు రోజులైతే పొద్దున ఒకటి, ఆరు గంటలు ఆగి సాయంత్రం ఒకటి ఇచ్చాం. ప్రతిసారీ అతని చేతివేళ్ల మీదే నా చూపు. కదిలితే భయం, కదలకపోతే ఇంకో భయం.

ముప్పై ఐదూ అయ్యేసరికి కూలీల రైళ్లు లేవు. మర్నాడే పంపిస్తానని మాటిచ్చిన సంగతి ఇంట్లో చెప్పాను. మా నాన్న తనతో సాంచెలు నడిపిన పాత సోపతిగాళ్లకు రెండు రోజుల పాటు ఫోన్లు చేశాడు. ఆయాసంతో మాట మాటకూ ఆగుతూ, "జర చూడరా, ఇద్దరే," అని బతిమాలాడు. చివరికి సూరత్ శివారులోని పల్సానా నుంచి ఒక కుటుంబం కరీంనగర్‌కు జీపులో వెళ్తోందని, రెండు సీట్లున్నాయని తెలిసింది.

పల్సానా చౌరస్తా దాకా నేనూ స్కూటీ మీద వెళ్లాను. అతను చేతులు జోడించాడు. ఆమె సంచీలు సర్దుకుంటూనే ఉంది. బండి కదిలేముందు, "పాలు గొట్టంల ఇంక ఎన్ని దినాలు పొయ్యాలె?" అని మాత్రం అడిగింది. చెప్పాను. జీపు వెళ్లిపోయింది.

మూడు నెలలకు హైదరాబాద్‌లో తీసిన స్కాన్ ఫోటో నా ఫోన్‌కు వచ్చింది. కింద ఒక్క అక్షరం లేదు. గడ్డ లేదు. బాత్రూంలోకి వెళ్లి, ఏడుపు బయటికి వినిపించకుండా నీళ్లు వదిలి కూర్చున్నాను.

మరుసటి ఏడు, రెండో వేవ్ తగ్గాక, అతను మళ్లీ సాంచెల పనికి వచ్చాడు. చెకప్‌కు వచ్చినప్పుడు కూతురు వెంట ఉంది, చంకలో ఏడాది పిల్ల. డాక్టర్ గది బయట ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

"మా అమ్మను ఆపింది మీరేనా?"

"నేనే."

"మూణ్నెల్లు నేను అమ్మతోని మాట్లాడలే. కాన్పుల చచ్చిపోత అనుకున్న. అమ్మా అని అరిచిన." ఆ అమ్మాయి పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. "బాపును చూస్తే మీరు చేసింది మంచిదే అనిపిస్తది. మల్ల ఆ దినం యాదికొస్తది."

నేను క్షమించమని అడగలేదు. ఆగమన్నందుకు నాకు పశ్చాత్తాపం లేదు. ఆ అమ్మాయి నొప్పి అబద్ధమూ కాదు.

"లోపటికి రా," అన్నాను. "మీ బాపు గొంతుల కెమెరా పెట్టి చూస్తున్నరు."

ఐదేళ్లు దాటేదాకా నయమైందన్న మాట మేం ఎవరితోనూ అనం. అతను ఇప్పటికీ ఆరునెలలకోసారి వస్తాడు. నా పని లేకపోయినా నేను డాక్టర్ గదిలోకి వెళ్లి గోడకు ఆనుకుని నిలబడతాను. ఆ రోజు నా పక్కన ఆ అమ్మాయి కూడా నిలబడింది. పిల్ల నా మెడలో వేలాడే ఐడీ కార్డు అందుకుని నోట్లో పెట్టుకోబోతే, ఇద్దరం ఒకేసారి చెయ్యి అడ్డం పెట్టాం. డాక్టర్ ఇంకా కెమెరా తెర మీంచి తల ఎత్తలేదు.