కబుర్లాయన, కవర్లమ్మ

ఆ వీధిలో వాళ్ళిద్దరి అసలు పేర్లతో ఎవరికీ పని లేదు. ఆయన కబుర్లాయన, ఆవిడ కవర్లమ్మ. ఒక్క అక్షరం తేడాలో వాళ్ళ సంసారమంతా ఉంది. ఆవిడ మిషన్లకు కవర్లు కుట్టేది. తూకం మిషన్లు, ప్రింటర్లు, డాక్టర్ల గదుల్లో ఉండే పరికరాలు, ఏదైనా సరే దుమ్ము పడకుండా, గీత పడకుండా తొడుగు కుట్టి ఇచ్చేది. ఆ కవర్లకు ఆర్డర్లు తేవడం ఆయన వంతు. తేవడమంటే పెద్ద విద్యేమీ కాదు. ఏదో ఒక ఆఫీసులోకి వెళ్ళి కూర్చునేవాడు. గేటు దగ్గర కాపలా మనిషి అల్లుడి సంగతులతో మొదలుపెట్టి, మేనేజరుగారి మోకాలి నొప్పి దాకా వచ్చి, లేచేటప్పుడు మాత్రం, అన్నట్టు మీ మిషను పాపం చలికి వణుకుతోందండీ, అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆర్డరు ఇచ్చేవాళ్ళు.

ఆవిడ సంగతి చెప్పొద్దూ, నోట్లో నాలుక లేని మనిషి. ఫోను మోగితే పామును చూసినట్టు చూసి ఆయన చేతిలో పెట్టేది. షెడ్డు ముందు కారేదైనా ఆగితే తల దించుకుని కుట్టుమిషను ఇంకాస్త గట్టిగా తొక్కేది. మాట్లాడే మనిషి పక్కనే ఉండగా తనకెందుకీ బాధ అని ఆవిడ ధీమా. సరిగ్గా ఆ ధీమా మీదే దెబ్బ పడింది.

ఆయన గొంతులో కణితి లేచింది. డాక్టర్లు కోసి తీసేశారు. ప్రాణం దక్కింది గానీ గొంతు దక్కలేదు. ఇప్పుడాయన మాట్లాడితే సైకిలు ట్యూబులోంచి గాలి పోతున్నట్టు ఒక చప్పుడు వస్తుంది. చెవి దగ్గరగా పెట్టి వినేవాళ్ళకే అది మాట, మిగతావాళ్ళకు ఉత్త గాలి. అదే సమయానికి, ఏళ్ళ తరబడి వీళ్ళ దగ్గరే కవర్లు కొంటున్న తూకం మిషన్ల కంపెనీ అట్టపెట్టెలకు మారిపోయింది. షెడ్డు యజమాని మర్యాదస్తుడు, కాదనం. మర్యాదగానే చెప్పాడు. పని లేని షెడ్డు మీకెందుకండీ, పక్క టైర్ల దుకాణంవాడు అడుగుతున్నాడు, నెలాఖరుకు ఏదో ఒకటి తేల్చండి అన్నాడు.

షెడ్డు పోతే పస్తులుండే పరిస్థితేమీ కాదు. ఇంట్లో ఒక మూల మిషను వేసుకుని చిల్లర కుట్టు కుట్టినా రోజు గడుస్తుంది. ఆవిడ భయం అది కాదు. గొంతు పోయినా ఆయన పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని షెడ్డుకు వస్తున్నాడు. దారపు ఉండలు రంగుల వారీగా సర్దుతున్నాడు, గుడ్డముక్కలు ఊడుస్తున్నాడు, టీ తెస్తున్నాడు. ఆ షెడ్డు కూడా లేకపోతే ఈ మనిషి ఇంట్లో కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంటాడు, ఇక లేవడు. అది ఆవిడకు కళ్ళకు కట్టినట్టు కనిపించేది.

తోడికోడలు ఒక ఆఫీసులో లెక్కలు చూస్తుంది. నోరూ చురుకే, బుర్రా చురుకే. సెలవురోజున వచ్చి ఆవిడ ఫోను లాక్కుంది. ఉద్యోగస్తులూ వ్యాపారస్తులూ ఒకరినొకరు వెతుక్కునే సైటు ఒకటుందట. బావగారు కాళ్ళరిగేలా తిరిగి చేసిన పనే అక్కడ కూర్చున్నచోటి నుంచి చేసుకోవచ్చట. అందులో చేరితే కనెక్షన్లు దొరుకుతాయంది. ఆవిడకు తెలిసిన కనెక్షన్లు కరెంటూ నీళ్ళూ మాత్రమే. రెండింటికీ బిల్లు వస్తుంది కాబట్టి, దీనికెంత అని అడిగింది. తోడికోడలు పడీ పడీ నవ్వింది.

ముందు ఫొటో కావాలన్నారు. ఇల్లంతా వెతికినా ఆవిడ ఒక్కతే ఉన్న ఫొటో దొరకలేదు. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డది ఒకటుంటే, దాన్ని ఫోనులో కత్తిరించారు. ఎంత కత్తిరించినా ఆయన భుజం ఒక అంచున మిగిలిపోయింది. ఇంకొంచెం కోస్తే ఆవిడ చెవి పోయేలా ఉంది. భుజంతోనే పెట్టేశారు.

తర్వాత పని గురించి ఒక్క వాక్యం రాయమన్నారు. ఆవిడ చాలాసేపు ఆలోచించి, 'ఇచ్చట మిషన్లకు కవర్లు కుట్టబడును' అని రాసింది.

"కుట్టబడును అంటే ఎవరు కుడతారక్కా? దెయ్యాలా?" అంది తోడికోడలు.

"బోర్డుల మీద అలాగేగా రాస్తారు."

"ఇది బోర్డు కాదక్కా, నీ మొహం. నేను కుడతాను అని రాయి."

నేను! ఆ రెండక్షరాల దగ్గర ఆవిడ వేలు ఆగిపోయింది. నేను చేశాను, నేను కుట్టాను అని పదిమందిలో చెప్పుకోవడం ఆవిడ ఒంటికి పడదు. గొప్పలు పోతోందనుకోరూ? ఎంత పోరినా 'కుట్టబడును' కదల్లేదు. తోడికోడలు విసుక్కుని, ఊరందరికీ ఒకే ముక్క పంపకూడదనీ, ఎవరికేం కావాలో చదివి వాళ్ళకే నాలుగు మాటలు రాయాలనీ, మొదట చిన్నదే అడగాలనీ చెప్పింది. అడగందే అమ్మయినా పెట్టదక్కా, అని చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

చెప్పినంత తేలికా? అయినా ఆవిడ వెతికింది. కుట్టుమిషను బల్ల కింద ఫోను పెట్టుకుని, దొంగతనం చేస్తున్నట్టు వెతికింది. ఆసుపత్రులకు రక్తపరీక్ష మిషన్లు చేసే కంపెనీ ఒకటి అదే ఊళ్ళో ఉంది. దాంట్లో కొనుగోళ్ళు చూసే ఒక మేడమ్ సైటులో ఒక ఫొటో పెట్టి, మా మిషన్లకు సరిపడా కవర్లు కుట్టేవాళ్ళు తెలిస్తే చెప్పండి అని రాసింది. ఫొటోలో మిషను మీద కవరు అన్న చొక్కా తమ్ముడికి తొడిగినట్టు వేలాడుతోంది. దాన్ని చూడగానే ఆవిడ చేతివేళ్ళు వాటంతటవే కొలత పట్టేశాయి. వెతుక్కుంటున్న పని ఎదురొచ్చి నిలబడితే ఎవరైనా ఏం చేస్తారు? రెండు ముక్కలు రాస్తారు. ఈవిడ ఫోను మూసేసింది.

మర్నాడు మళ్ళీ తెరిచింది. ఆ మేడమ్ పేజీకి వెళ్ళి, ఫొటో చూసి, కింద ఎవరెవరు ఏం రాశారో చదివి, ఇంకా ఎవరికీ ఇవ్వలేదని తెలుసుకుని వచ్చేసింది. ఆ మర్నాడూ అంతే. మేడమ్ గారూ అని మొదలుపెట్టేది, తుడిచేసేది. గౌరవనీయులైన అని రాసేది, అది ఉత్తరంలా ఉందని తుడిచేసేది. ఎన్ని కుట్టుమిషన్లున్నాయి మీకు అని అడిగితే? రెండే అంటే నవ్వితే? మీరు మాట్లాడతారా అని ఫోను చేస్తే? అరచేతుల్లో చెమట పట్టి, నల్లగుడ్డ మీద తడి ముద్రలు పడేవి. ఒకరోజు ప్రింటరు కవరుకు జిప్పు తలకిందులుగా కుట్టింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన చూడని తప్పు అది. పక్కన కూర్చుని కుట్టు విప్పిపెట్టాడు. అవతల టైర్ల దుకాణంవాడు టేపు పట్టుకుని షెడ్డు ముందు భాగం కొలుచుకుని కూడా పోయాడు.

ఇలా కుడితిలో పడ్డ ఎలుకలా ఆవిడ కొట్టుకుంటూ ఉండగా, ఒక మధ్యాహ్నం ఫోను టింగుమంది. ఆ మేడమ్ దగ్గర నుంచే.

'నమస్కారమండీ. ఊరికే రారు మహానుభావులు అంటారు. మీరు రోజూ నా ప్రొఫైల్‌కి వచ్చి చూసి వెళ్తున్నారు. ఏదైనా పని ఉందా?'

తను చూసి వెళ్తున్నట్టు మేడమ్‌కెలా తెలిసింది? తోడికోడలికి ఫోను చేసింది. అవునక్కా, ఒకళ్ళ పేజీ ఎవరెవరు చూశారో ఆ సైటే వాళ్ళకు చెప్పేస్తుంది, నీకు చెప్పడం మర్చిపోయాను అంది తోడికోడలు, పాపం నవ్వు ఆపుకుంటూనే. అంటే ఏమైనట్టు? ఇన్నాళ్ళూ ఆవిడ ఆ ఇంటి గుమ్మం దాకా వెళ్ళి, తలుపు తట్టకుండా కిటికీలోంచి తొంగిచూసి వచ్చేస్తోంది. లోపల ఇంటావిడ కాఫీ తాగుతూ అంతా గమనిస్తూనే ఉంది. సిగ్గుతో ఆవిడ చెవులు కాలిపోయాయి. పేరు, ఫొటో, భుజం అన్నీ ఆ సైటులోంచి తీసేయాలనిపించింది. ఎలా తీయాలో తెలిసుంటే తీసేసేది కూడా.

ఆయన వచ్చి ఫోను తీసుకుని చదివాడు. తర్వాత ఆవిడ చెవి దగ్గరికి వంగాడు.

"ఆవిడే అడిగింది కదే. చెప్పు," అన్నాడు ఆ గాలిగొంతుతో.

టైపు చేద్దామంటే ఒక అక్షరం నొక్కితే ఇంకోటి పడుతోంది. ఆయన మైకు గుర్తు నొక్కి ఫోను ఆవిడ నోటి దగ్గర పెట్టాడు. ఆవిడ గబగబా నాలుగు మాటలు అప్పజెప్పేసి, ధైర్యం చల్లారిపోకముందే కళ్ళు మూసుకుని పంపేసింది. కళ్ళు తెరిచి చూస్తే ఫోను ఇలా రాసి ఉంది:

'మేడమ్ మా దగ్గర మిషన్లకు మంచి కబుర్లు కుట్టబడును. వదులు ఉండవు బిగుతు ఉండవు. ఒకసారి చూడండి.'

అయిపోయింది. ఇక షెడ్డు లేదు. ఆవిడ తల బల్ల మీద ఆనించి ఏడ్చింది. ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతుంటే ఆయనా ఏడుస్తున్నాడేమో అనుకుంది. తల ఎత్తి చూస్తే నవ్వుతున్నాడు. గొంతు పోయాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. ఆవిడకు ఒళ్ళు మండింది, గుండె చల్లబడింది కూడా, రెండూ ఒకేసారి.

జవాబు సాయంత్రం దాకా రాలేదు. ఈలోపు ఆవిడ నీళ్ళు కూడా సరిగా మింగలేదు. వచ్చిన జవాబు ఇది: 'కబుర్లు కుట్టేవాళ్ళను నేను ఇంతవరకు చూడలేదండీ. రేపు పొద్దున మా ఆఫీసుకు రండి. వీలుంటే ఒక కవరు కూడా తీసుకురండి.'

మర్నాడు ఇద్దరూ ఇస్త్రీ బట్టలు కట్టుకుని బయల్దేరారు. కంపెనీ గేటు కనబడగానే ఆవిడ ఆగిపోయింది. తిరిగి వెళ్ళిపోదామండీ, నా వల్ల కాదు అంది. ఆయన వినిపించుకోకుండా అలవాటు కొద్దీ నవ్వుతూ కాపలా మనిషి దగ్గరికి వెళ్ళి నోరు తెరిచాడు. గాలి వచ్చింది. కాపలా మనిషి, ఏంటీ, అన్నాడు. ఆయన మళ్ళీ అన్నాడు. ఏంటయ్యా, అన్నాడు వాడు విసుగ్గా. ఎన్ని గేట్లను నవ్వించిన నోరది! ఆవిడకు ఎక్కడలేని కోపం వచ్చింది. "కొనుగోళ్ళ మేడమ్ రమ్మన్నారు. కవర్లవాళ్ళు వచ్చారని చెప్పండి," అంది. తన గొంతు అంత గట్టిగా రావడం చూసి తనే బిత్తరపోయింది.

మేడమ్ గది చిన్నది, బల్ల మీద రక్తపరీక్ష మిషను ఒకటి బోసిగా కూర్చుని ఉంది. మేడమ్ ఆవిడను చూసి, ఆయన్ని చూసి, "ఫొటోలో భుజం మీదేనాండీ?" అంది. ఆయన తల ఊపాడు. తర్వాత ఆవిడ తెచ్చిన కవరు తిప్పి చూసి, లోపలి అస్తరు తడిమి, "బాగుంది. ఎవరు కుడతారు ఇవి?" అంది.

ఆవిడ చూపు ఆయన మీదికి పోయింది. ఇన్నేళ్ళ అలవాటు. ఆయన నోరు కూడా అలవాటుగానే తెరుచుకుంది, మళ్ళీ మూసుకుంది. కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. మేడమ్ ఎదురుచూస్తోంది. కుట్టబ, అన్నంతవరకు వచ్చి ఆవిడ మాట ఆగింది.

"నేనండీ," అంది. "నేనే కుడతాను."

తర్వాత మరీ ఉపన్యాసం ఇచ్చిందని నేననను. మిషను చుట్టూ తిరిగి టేపు పెట్టింది. వైరు వచ్చేచోట నోరు వదలాలంది, కుట్టు బయటికి రావాలి, లోపలుంటే గీతలు పడతాయంది. ఎన్ని కుట్టుమిషన్లున్నాయి మీకు అని మేడమ్ అడగనే అడిగింది. రెండేనండీ అంది. నవ్వలేదు మేడమ్. ముందు మూడు కుట్టి తెండి, బాగుంటే ఇక మీదట మీతోనే అంది.

తిరుగుబస్సులో ఆవిడ షెడ్డు యజమానికి తనే ఫోను చేసింది. షెడ్డు వదలడం లేదండీ, టైర్లాయనకు చెప్పేయండి అంది. పెట్టేశాక చూస్తే ఆయన తనవైపే చూస్తున్నాడు. వంగి చెవి దగ్గర ఏదో అన్నాడు. బస్సు రొదలో వినబడలేదు, మళ్ళీ అనమంది.

"ఇన్నేళ్ళూ నేనెళ్ళి 'మేం కుడతాం' అని చెప్పుకొచ్చేవాణ్ణి. ఒక్క కుట్టూ నాది కాదు," అన్నాడు.

ఆవిడ ఫోను తెరిచి తన పేజీ తీసింది. 'ఇచ్చట', 'కుట్టబడును' తుడిచేసి, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని 'నేను మిషన్లకు కవర్లు కుడతాను' అని రాసింది. ఫొటో కింద, మార్చుకుంటారా అని సైటు అడుగుతోంది. ఆయన వేలు పెట్టి తన భుజాన్ని చూపించాడు, తీసెయ్యమన్నట్టు.

"ఉండనివ్వండి," అంది ఆవిడ. "అది లేకపోతే నేను పడిపోతాను."

ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. వాళ్ళ స్టాపు వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు. దిగాక ఇద్దరూ ఇంటికి వెళ్ళకుండా తిన్నగా షెడ్డుకే వెళ్ళారు.