మా ఇంటికి వచ్చిన జ్వరం

పెద్ద జ్వరం తగ్గిన ఏడాది సంస్థానం డాక్టరు జగదల్‌పూర్ నుంచి ఎడ్లబండిలో మా ఊరు కొంటాకు వచ్చాడు. ఆయనకు హిందీ తప్ప ఇక్కడి మాటలు రావు. ఉప్పు, బట్టలు అమ్మే మా కొట్టుకు అడవి ఊళ్ళ జనమంతా వస్తారు గనక నాకు హిందీతో పాటు దోర్లీ, గోండీ బాగానే వచ్చు. ఆ సంగతి ఎవరడిగినా అడక్కపోయినా చెప్పుకునేవాణ్ణి. అందుకే డాక్టరు నన్ను వెంటబెట్టుకున్నాడు.

జ్వరం ఒకసారి వచ్చి బతికినవాళ్ళకు అంత త్వరగా మళ్ళీ రాదని ఆయన నమ్మకం. ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో ఇంటింటికీ తిరిగి రాయాలి. మళ్ళీ జ్వరం లేస్తే ఇదివరకు వచ్చినవాళ్ళు రోగులకు నీళ్ళూ జావా అందించాలి, రానివాళ్ళు దూరంగా ఉండాలి. నాకూ ఇది మంచి ఆలోచనే అనిపించింది.

గొల్లపల్లి, మరైగూడ, కిష్టారం తిరిగాం. ప్రతి గుమ్మం దగ్గరా అడిగాను. "వచ్చింది, పోయింది" అన్నారు. అక్కడ జబ్బును మనిషి లెక్కన చూడరు. గడప దాటి ఒకరిని పట్టిందంటే ఇల్లంతా జావే తాగుతారు, పొలానికి ఎవరూ పోరు, తగ్గాక అందరూ ఒకేసారి తలస్నానం చేసి ఊరి పొలిమేరలో కోడిని కోస్తారు. నేనూ ఆ చుట్టుపక్కలే పుట్టి పెరిగినవాణ్ణి. ఇంట్లో ఎంతమంది ఉంటే అందరి పేర్ల పక్కనా 'వచ్చింది' అని రాసుకుంటూ పోయాను. మళ్ళీ అడగాలన్న బుద్ధే పుట్టలేదు.

చివర మా ఇల్లు రాశాను. జ్వరం వచ్చింది నాకూ, మా అమ్మకూ. మా ఆవిడ తొమ్మిది రోజులు మా ఇద్దరికీ జావ కాచి పోసింది. నేను ముగ్గురికీ 'వచ్చింది' అని రాస్తుంటే తొంగిచూసింది.

"నేనెప్పుడు పండుకున్న? నాకు రాలే గదా."

"మనింటికొచ్చింది గదా. నీకొచ్చినట్టే."

"ఏందో, సదువుకున్నోడివి. రాసుకో" అని నవ్వి లోపలికి పోయింది.

వానలు వెనకబట్టాక మరైగూడలో జ్వరం మళ్ళీ లేచింది. మేం రాసిన పేర్ల పట్టీ ప్రకారం జ్వరం వచ్చినవాళ్ళంతా రమ్మని డాక్టరు కబురు పంపాడు. నేనూ మా ఆవిడా వెళ్ళాం. పాకలో వరసగా పడుకోబెట్టిన రోగులకు ఇద్దరం కుండలతో నీళ్ళు మోశాం. నాలుగో రోజు ఆమె కుండ దింపి ఒళ్ళు నొప్పులంది. చెయ్యి పట్టుకుంటే కాలుతోంది. డాక్టరు దగ్గరికి పరుగెత్తి కాళ్ళు పట్టుకున్నాను. "పట్టీలో ఈమెకు వచ్చిందనే ఉంది గదా, అలసట అయ్యుంటుంది" అన్నాడు ఆయన. ఆ పట్టీ నేను రాసిందే. దాన్ని నమ్మి పాకలో ఇంకెందరో నీళ్ళు మోస్తున్నారు. చెప్పాలనుకున్నాను. భయమేసి చెప్పలేకపోయాను. నాకంటే పిరికివాడు ఆ పాకలో ఇంకొకడు లేడు.

మూడు రోజులకు ఆమె పోయింది. నీళ్ళు మోసినవాళ్ళలో ఇంకా కొందరు జ్వరంతో పడ్డారు.

మరునాడు డాక్టరు పట్టీ ముందేసుకుని కూర్చున్నాడు. మొహం వాడిపోయి ఉంది. "నా ఆలోచనే తప్పు. వచ్చినవాళ్ళకే మళ్ళీ వస్తోంది. ఇదే పైకి రాస్తాను" అన్నాడు.

అప్పుడు నోరు విప్పాను. ఇల్లంతా ఒక్కటిగా రాశానని చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కలం నా ముందు పెట్టి, ఇల్లిల్లూ సరిదిద్దుదాం, మీ ఇంటితో మొదలుపెట్టు అన్నాడు.

"మీ ఇంట్లో జ్వరంతో పడుకున్నది ఎవరు?"

"నేను, మా అమ్మ."

"మరి ఆమె?"

"ఆమె మాకు జావ కాచింది" అన్నాను. "ఆమె పడుకోలేదు. అప్పుడే చెప్పింది నాకు."