ట్యాంకు నిండుకుందండి

మావారిది తాడేపల్లిగూడెంలో తరాలుగా కిరాణా వ్యాపారం చేసిన కుటుంబం. ఆ ఇంట్లో ఏదీ అయిపోదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు, నూనె అయిపోతే నిండుకుందంటారు. నేను ఏలూరు పంతులుగారి కూతుర్ని, ఉన్నదున్నట్టు అనేస్తాను. పెళ్లయి ముప్పై ఏళ్లు దాటినా ఆ ఒక్క మాట దగ్గర ఆయన నన్ను దిద్దుతూనే ఉన్నారు.

కొట్టు మూసేసి ఏలూరు వచ్చాక ఆయన ఓ పాత కారవాన్ కొన్నారు, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే ఇల్లన్నమాట. ఆయన కోరికల్లా ఒక్కటే. చలికాలంలో కొల్లేరు గట్టున దాన్ని ఆపుకుని, అందులోనే పడుకుని, తెల్లారి గూడబాతులు ఎగిరే వేళకి ఇద్దరం కిటికీ దగ్గర కాఫీ తాగాలి. మొదట్లో నాకు నవ్వొచ్చింది. పోనుపోను ఆ కాఫీ కోసం ఆయనకంటే నేనే ఎక్కువ ఎదురుచూశాను.

ఎప్పుడైనా టైరు పంక్చరైతే బండి ఎత్తడానికి జాక్ కావాలని ఇద్దరం కారు సామాన్ల కొట్టుకి వెళ్లాం. ఆ పొద్దున్నే పంచదార అయిపోయిందన్నందుకు ఆయన చేత నాలుగు మాటలు పడి ఉన్నాను. కొట్టాయన, మేం బండిని పెంటపాడు రైసుమిల్లు కాటాలో తూయించి తెచ్చిన చీటీ చూసి, తూచినప్పుడు నీళ్ల ట్యాంకు సంగతేమిటని అడిగాడు.

"నిండుకుందండి," అన్నారు మావారు.

కొట్టాయన అది నిండుగా ఉందనుకున్నాడు. ఇక బరువు పెరిగేదేముందని చీటీకి సరిపడా ఓ చిన్న జాక్ తీసిచ్చాడు. నాకు తెలిసిపోయింది. ఖాళీ ట్యాంకండీ అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. దిద్దించుకున్నది చాల్లే, నాకెందుకని మూతి ముడుచుకుని నిలబడ్డాను. నా పొగరు తగలెయ్య.

కొల్లేరు గట్టెక్కిన సాయంత్రమే టైరు దిగిపోయింది. ట్యాంకు నిండా నీళ్లు, స్టవ్వు, గిన్నెలు, పరుపులు. జాక్ ఎంత తిప్పినా బండి బెత్తెడు లేవలేదు. చివరికి కుళాయి విప్పి నీళ్లన్నీ గట్టు మీదే వదిలేస్తే అప్పుడు లేచింది. టైరైతే మార్చారుగానీ, ఆయన స్నానం చెయ్యకుండా కాఫీ చుక్క ముట్టని మనిషి. చుట్టూ నీళ్లే, కానీ చేపల చెరువు నీళ్లతో స్నానమేం చేస్తారు? బండి వెనక్కి తిప్పేశారు.

దారిలో ఉండబట్టలేక, నాకు ముందే తెలుసని చెప్పేశాను. కోప్పడతారనుకున్నాను.

"పోనిద్దూ, వచ్చే చలికాలం వస్తాంగా," అన్నారు.

ఆ చలికాలానికి ఆయన లేరు. వానల్లోనే గుండె ఆగిపోయింది.

మొన్న నేనే వెళ్లి పెద్ద బరువులెత్తే బాటిల్ జాక్ కొన్నాను. ఈసారి ట్యాంకు నింపించి, సామానంతా పెట్టించి, తూయించి మరీ అడిగాను. టైరు పూర్తిగా దిగిపోయినా జాక్ బండి కిందికి దూరుతుందో లేదో టేపు పెట్టి కొలిచాను. వచ్చే వారం డ్రైవర్ని మాట్లాడుకుని కొల్లేరు వెళ్తాను. గూడబాతుల మీద నాకేం మోజు లేదు. ఆయన పక్కన కూర్చుని ఆ కాఫీ తాగాలని ఉంది, అంతే. అది నాకెవరిస్తారు?

నిన్న పొద్దున్న వాకిట్లో ఒకసారి ఎత్తి చూశాను. అడుగున మందపాటి చెక్క వేసి, ఇరుసు కింద జాక్ పెట్టి, హ్యాండిలు ఆడించాను. నాలుగోసారికి చక్రం నేల విడిచింది.

"ఏవండీ, లేచిందండీ," అని ఇంట్లోకి వినబడేలా కేకేశాను.