చుక్క కారలేదు

ఓ సాయంత్రం షేర్ ఆటోలో వెళ్తున్నాను. పాత ఇనుప సామాన్ల కొట్లో కొన్న ముక్కొకటి నా ఒళ్ళో ఉంది. దాని అడుగంతా చిల్లులే. లోపలి మూత తీయించి, బల్బు పెట్టిస్తే గోడ నిండా చుక్కల వెలుగు పడుతుందని ఆశ.

పక్కనున్న పెద్దావిడ దాన్ని అందుకుని తడిమింది.

"ఇది బాయి మోటరు ఫుట్‌వాల్వు, బిడ్డా. పైపు అడుగుకు ఉంటది. లోపలి మూత నీళ్ళను మీదికి రానిస్తది, కిందికి పోనియ్యది."

"ఇప్పుడు పనిచేయదు కదండీ?"

ఆమె నా నీళ్ళ సీసా అడిగి తీసుకుని, ఆ వాల్వులో నీళ్ళు పోసింది. ఆటో ఎగిరెగిరి పడుతున్నా చిల్లుల్లోంచి చుక్క కారలేదు. రోడ్డు పక్క అద్దాల మేడల నీడలు ఆ కాసిని నీళ్ళలో వణికాయి.

"మా బాయి గీడనే ఉండె," అని దాన్ని నా చేతుల్లో పెట్టి, నానక్‌రామ్‌గూడలో ఓ మేడ ముందు దిగిపోయింది.

ఆ మూత నేనింకా తీయించలేదు. ఆ రోజు మాత్రం మణికొండ వచ్చేదాకా, నీళ్ళు తొణకకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.