పేరు రాయని వాగ్దానం కార్డులు

ఆ గురువారం పొద్దున సునీత ఒకటిన్నర ఇడ్లీ తింది. పదింటికి ఆయాసం మొదలైంది. పదకొండుకి ఆసుపత్రిలో ఉన్నాం. మూడున్నరకి డాక్టరు బయటికొచ్చి, ఇక లేదని చెప్పారు. నర్సు నా భార్య చేతిసంచీ నాకిచ్చింది. అందులో కళ్ళజోడు, ఇంటి తాళం, చర్చికి తీసుకెళ్ళే పాటల పుస్తకం. పుస్తకంలో రెండు వాగ్దానం కార్డులు...

మా చిన్నప్పుడు... తెనాలి వైపు చర్చిని గుడి అనేవాళ్ళం. కొత్త సంవత్సరం పొద్దున ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు బిస్కెట్ల డబ్బా పట్టుకుని నిలబడేవారు. లోపల చుట్టిన కార్డులు, ఒక్కోదాంట్లో ఒక్కో వాక్యం. కళ్ళు మూసుకుని ఒకటి తీయాలి. ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట అదే...

ఒక ఏడు నాకు శిక్ష గురించిన వాక్యం వచ్చింది. చెల్లికి పాలు, తేనె పారే దేశం మాట. గుడి మెట్ల మీదే దానికి రెండు నిమ్మబిళ్ళలిచ్చి కార్డు మార్చేసుకున్నాను.

ఇంట్లో పలావు వడ్డించే ముందు అందరూ తమ వాక్యం పైకి చదవాలి. నేను మొదలుపెట్టానో లేదో చెల్లి తేనె నాదంటూ ఏడుపు. నిమ్మబిళ్ళలు అప్పటికే తినేసింది.

అమ్మ కొట్టలేదు. గూట్లోంచి పెన్సిల్ తీసి శిక్ష కార్డు వెనక నా పేరు రాసింది.

"నచ్చకపోయినా నీకొచ్చింది నీదేరా."

అప్పట్నుంచి ఏటా రాసేది. పెళ్ళయ్యాక ఆ పని నేను చేశాను. దేవుడు మర్చిపోతాడనా, మీరు మర్చిపోతారనా అని సునీత నవ్వేది.

ఈ జనవరిలో రాయలేదు. నల్లగండ్లలో మా చర్చి ఒక ఫర్నిచర్ షాపు పైన, రెండో అంతస్తు. మెట్లు దిగుతుంటే ఆఫీసు ఫోను వచ్చింది. కార్డు విప్పకుండానే తన చేతికిచ్చాను. కార్లో కూర్చున్నాక ఏది నాదని అడిగాను. అప్పటికే రెండూ చదివి పుస్తకంలో పెట్టేసింది.

"ఇద్దరిదీ ఒకటే ఇల్లు కదండీ... పేర్లెందుకు?"

నేనూ పట్టించుకోలేదు.

ఒక కార్డులో దీర్ఘాయువు మాట. రెండోదాంట్లో, గుండె పగిలినవాళ్ళకి దేవుడు దగ్గరగా ఉంటాడన్న మాట.

ఆయువు తనదైతే... దీన్ని ఎట్లా అర్థం చేసుకోవాలి? నాదైతే... ఏం చేసుకోవాలి? తను చదివి, ఏదో తోచి, నాకు చూపించలేదా? లేక ఊరికే పెట్టేసిందా?

మా పాస్టరుగారికి చూపించాను. చాలాసేపు అటూ ఇటూ తిప్పారు. "నాకు తెలీదు, అన్నా" అన్నారు. ఈ నెలలో విన్న మాటల్లో అదే కాస్త నయమనిపించింది.

ఇప్పుడు వాగ్దానాలు ఫోన్లోకే వస్తున్నాయి... నచ్చకపోతే ఇంకోసారి నొక్కితే ఇంకొకటి. వెనక పేరు రాయడానికి చోటుండదు. మీ ఇళ్ళల్లో రాసేవారా? ఆ పాత కార్డులు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

సొరుగులో పెన్సిల్ ముక్క దొరికింది. రేపు ఆదివారం. పొద్దున చర్చికి బయల్దేరే ముందు, రెండు కార్డుల వెనకా ఇద్దరి పేర్లూ రాస్తాను.