మెట్టుగూడలో వద్దన్న కుక్క

మా ఇంట్లో పెద్దోడంటే మా ఆయన. నిజానికి మా అత్తయ్యకు ఆయన ఒక్కడే కొడుకు. మామయ్య పోయిన ఏడాది ఆవిడ ఒక కుక్కపిల్లను తెచ్చుకుని "చిన్నోడా" అని పిలవడం మొదలుపెట్టారు. దాంతో ఈయన పెద్దోడయ్యాడు. ఆ చిన్నోడు రాట్‌వైలర్. నల్లటి ఒళ్ళు, దూడంత తల. మెట్టుగూడలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులోకి వాడు ఎక్కితే మిగతావాళ్ళు మెట్లెక్కేవారు. ఎవరినీ కరిచిన పాపాన పోలేదు గానీ, ఆ మొహం చూశాక ఆ మాట ఎవరు నమ్ముతారు?

ఇంతలో టీవీలో వార్త వచ్చింది. ఫలానా జాతుల కుక్కల్ని పెంచకూడదని పైనుంచి సర్క్యులర్ వచ్చిందట. కొన్నాళ్ళకి దాన్ని ఎక్కడో కోర్టు కొట్టేసిందని ఇంకో వార్త. ఉత్తరాదిన ఒక ఊళ్ళో ఈ జాతి పనికిరాదట, పక్క ఊళ్ళో లైసెన్సు ఉంటే చాలట. మా అసోసియేషన్ వాళ్ళు మొదటి వార్త దగ్గరే టీవీ కట్టేసి మీటింగ్ పెట్టారు. నెలాఖరులోగా చిన్నోడు వెళ్ళిపోవాలని తీర్మానం చేశారు. యాప్రాల్‌లో మా ఆడపడుచు ఉండే కాలనీలో మాత్రం రూలు వేరు. ఏ జాతైనా ఫరవాలేదు, టీకాలు వేయించాలి, లైసెన్సు చూపించాలి, బయటికి తిప్పేటప్పుడు మూతికి చిక్కం కట్టాలి.

అత్తయ్యకు ఒళ్ళు మండింది. "ఇక్కడ పాపి అయినవాడు యాప్రాల్ వెళ్తే నీతిమంతుడైపోతాడా? ఎక్కడి చోద్యమే ఇది," అన్నారు. ఆవిడ గుంటూరువైపు బళ్ళో పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. మామయ్య పోయాక కడుపునిండా అన్నం తిన్నది ఆ కుక్క వచ్చాకే. వాడు పోతే మళ్ళీ మంచం పట్టేస్తారేమోనని మా ఆయనకు బెంగ. నాకు మాత్రం కోపం. రూలు మీద, సెక్రటరీ మీద, సోఫా నిండా బొచ్చు రాల్చే ఆ కుక్క మీద కూడా.

సెక్రటరీ మా పై అంతస్తులో ఉండే హార్డ్‌వేర్ షాపాయన. చెడ్డవాడేం కాదు. "నాకేం దుష్మనీ లేదు పెద్దమ్మ. మంది పరేషాన్ అయితున్నరు. జెర సమజ్ చేసుకోండ్రి," అన్నాడు.

"ఒక్కసారి వచ్చి మావాడి పద్ధతి కళ్ళారా చూడు నాయనా. ఆ తర్వాత నీ ఇష్టం," అన్నారు అత్తయ్య. శుక్రవారం సాయంత్రం రమ్మన్నారు.

ఆవిడ ఊరికే చెప్పలేదు ఆ రోజు. శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూడిక. ప్రార్థన జరిగినంతసేపూ చిన్నోడు టీపాయ్ కింద రాయిలా పడుకుంటాడు. భక్తి ఏమీ కాదు. చివర్న అందరూ ఆమేన్ అనగానే అత్తయ్య వాడికి బిస్కెట్టు పెడతారు. దానికోసం ఎంతసేపైనా కాచుక్కూర్చుంటాడు. మా పాస్టరుగారి ప్రార్థన మాటలా? దేశనాయకులతో మొదలై, రైతులు, రోగులు, పరీక్షలు రాసే పిల్లలు అందరినీ పలకరించి గానీ మా ఇంటికి రాదు. అంతసేపు కదలని కుక్కను చూస్తే ఎవరైనా కరగాల్సిందే. మేమూ అలాగే అనుకున్నాం.

మాది పాతకాలపు సంఘం. ప్రార్థన మధ్యలో ఎవరూ నోరెత్తరు. అందరం కలిసి చివర్న ఒక్క ఆమేన్, అంతే. ఆ సంగతి సెక్రటరీకి చెప్పాలని మాకెవరికీ తట్టలేదు. పాపం ఆయన టీవీలో పెద్ద పెద్ద సభలు చూశాడు. అక్కడ మాటమాటకీ జనం ఆమేన్ అంటారు. పైగా మర్యాదస్తుడు. పాస్టరుగారు రైతుల దగ్గర ఊపిరి పీల్చుకోగానే, ఒకరింటికొచ్చి మూగమొద్దులా కూర్చుంటే బాగుండదనుకున్నాడో ఏమో, చేతులు జోడించి గట్టిగా "ఆమేన్" అన్నాడు.

చిన్నోడు లేచాడు. టీపాయ్ కూడా లేచింది. మాట ఎవరి నోట్లోంచి వచ్చిందో బిస్కెట్టు కూడా వాళ్ళ దగ్గరే ఉంటుందనుకున్నాడు కాబోలు, ముందుకాళ్ళు రెండూ సెక్రటరీ ఒళ్ళో పెట్టి మొహంలో మొహం పెట్టి చూశాడు. పాస్టరుగారు కళ్ళు మూసుకునే రోగుల దగ్గరికి వెళ్ళారు. అత్తయ్య ఇల్లు కూలినా ప్రార్థనలో కళ్ళు తెరవరు. నేను ఒంటికన్నుతో అంతా చూస్తున్నాను గానీ నోరు తెరిచే ధైర్యం లేదు. సెక్రటరీకి ఒకటే దారి తోచింది. ఆమేన్ అంటే ప్రార్థన అయిపోతుంది కదా. "ఆమేన్," అన్నాడు సన్నగా. చిన్నోడు ఇంకాస్త పైకెక్కాడు. "ఆమేన్, ఆమేన్." చిన్నోడు ఆయన చెంప నాకాడు. కళ్ళద్దాలు కింద పడ్డాయి. పరీక్షలు రాసే పిల్లల దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వాగలేదు. కొంగు అడ్డం పెట్టుకుని ఊగిపోతుంటే, ఏడుస్తున్నాననుకుని పక్కావిడ నా వీపు నిమిరింది.

టీ తాగే ముందు ఆయన కళ్ళద్దాలు తుడిచి పెట్టుకున్నాడు. "కుక్క మంచిదే పెద్దమ్మ. కరవలే, అరవలే. నా పానం పోయినంత పనైంది, అది వేరే ముచ్చట. గని మీ ఒక్కరికి ఒప్పుకుంటె రేపు అందరు తెస్తరు. రూల్ అంటె రూలే."

అత్తయ్య వాదించలేదు. "ఇంకో బిస్కెట్టు తీసుకో నాయనా," అన్నారంతే.

ఆదివారం చర్చి నుంచి రాగానే చిన్నోణ్ణి యాప్రాల్‌లో మా ఆడపడుచు ఇంట్లో దింపి రావడానికి కారు తీశాం. వాడి గిన్నె పెడదామని డిక్కీ తెరిస్తే అత్తయ్య సూట్‌కేసు, మందుల సంచి, ఆవిడ చిన్న కుక్కరు అప్పటికే లోపలున్నాయి. ఆవిడ వెనక సీట్లో కుక్క పక్కన కూర్చుని ఉన్నారు.

"ఇదేంటత్తయ్యా?"

"కొత్త చోట వాణ్ణి ఒక్కణ్ణే ఎట్టా వదిలేస్తానే? పెద్దోడికి నువ్వున్నావుగా."

పెళ్ళయిన నాటి నుంచీ నా వంటగది నాకు కావాలని పోరినదాన్ని. ఇప్పుడది నాదే. పులుసు ఇలా కాదే అనేవాళ్ళు లేరు, ఉప్పెక్కువైందని మూతి ముడిచేవాళ్ళు లేరు. కొన్నాళ్ళకే ఆ సుఖం మొహం మొత్తింది. దెబ్బలాడుకోవడానికైనా ఆవిడ కావాలనిపించింది. లిఫ్టులో సెక్రటరీ పలకరించాడు. "పెద్దమ్మ కనబడ్తలేరు, పానం బాగలేదా?"

"కుక్కతోపాటే వెళ్ళిపోయారు."

ఆయన మొహం పాలిపోయింది. "ఆమెను పొమ్మని ఎవరన్నరు మేడమ్?" అన్నాడు. మా అంతస్తు రాగానే నేను దిగిపోయాను.

ఆ సాయంత్రం మా ఆయన్ని అడిగాను, యాప్రాల్ నుంచి మీ ఆఫీసుకు ఎంతసేపు పడుతుందని.

ఆయన పేపరు దించలేదు. "చెల్లెలి పక్క వీధిలో ఒక ఇల్లు చూసొచ్చాను. కుక్కలున్నాయా అని అడిగాడు ఓనరు."

"ఏమన్నారు?"

"మాకు లేదు, మా అమ్మకుందన్నాను."

"మనకే ఉందని చెప్పండి," అన్నాను. "దాచిపెట్టి చేరితే, మళ్ళీ ఇంకో సెక్రటరీని పిలిచి టీ పోసే ఓపిక నాకు లేదు."